అమ్మ ఖాతాలో మీ పేరు చేర్పించే ముందు

ప్రశ్న: మా అమ్మకు 76 ఏళ్లు. తమ్ముడి దగ్గర ఉంటుంది. ఆమె పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు అతని చేతిలోనే ఉంటాయి. ఈ మధ్య ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను గడువు తీరకముందే రద్దు చేశారు. ఎందుకని అడిగితే అమ్మ మాట దాటేసింది. ఖాతాలో నా పేరు కూడా చేర్పిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీసుకోవచ్చనే షరతుతో మీ పేరు చేర్పిస్తే, తమ్ముడి దగ్గరున్న కార్డు ఎప్పటిలాగే పనిచేస్తుంది; పైగా ఆమెను అడగకుండా డబ్బు తీయగల మనిషి మరొకరు తయారవుతారు. మీ ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు, కానీ మీ తమ్ముడు కూడా మొదట సాయం చేద్దామనే ఆ కార్డు తీసుకుని ఉండవచ్చు.

డిపాజిట్ రద్దు చేసినంత మాత్రాన మోసం జరిగిందనలేము. అమ్మగారి అనుమతితో ఏడాది స్టేట్‌మెంట్ తెప్పించి చూడండి. పింఛను పడిన మర్నాడే పెద్ద మొత్తం బయటికి పోవడం, గడప దాటలేని మనిషి కార్డుతో రాత్రి పదింటికి ఏటీఎంలో డబ్బు తీసి ఉండడం, నిల్వ తరుగుతున్నా మందుల దుకాణం చెల్లింపులు ఆగిపోవడం నన్ను కలవరపెట్టే గుర్తులు. అన్నిటికంటే ముందు నేను చూసేది ఖాతాకు జతచేసిన ఫోన్ నంబరు. అది మారిపోయి ఉంటే, ఓటీపీలే కాదు, డబ్బు పోయిందని చెప్పే సందేశాలు కూడా ఆమెకు చేరవు.

తర్వాత ఆమెతో ఒంటరిగా మాట్లాడండి. "డబ్బంతా ఏమైంది?" అని నిలదీయకుండా, "సంతకం పెట్టే ముందు ఆ కాగితం నీకు చదివి వినిపించారా?" అని అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం, వృద్ధులపై జరిగే వేధింపుల్లో 24 ఘటనలకు ఒకటి మాత్రమే ఫిర్యాదు దాకా వెళుతోంది. తిండికీ మందులకూ ఎవరి మీద ఆధారపడ్డారో వారి మీదే నోరు విప్పడం ఎంత కష్టమో ఆలోచించండి.

ఆమె ఒప్పుకుంటే కార్డు పిన్ మార్పించి, ఫోన్ నంబరును తిరిగి ఆమెదే పెట్టించండి. ఇంటి ఖర్చుకు సరిపడే మొత్తం మాత్రమే నెలనెలా వేరొక ఖాతాలోకి వెళ్లేలా చేసి, తమ్ముడికి ఆ ఖాతా కార్డే ఇప్పించండి. స్టేట్‌మెంట్ మీ ఇద్దరికీ చేరాలి. రోజూ చూసుకుంటున్న అతని శ్రమకు ప్రతిఫలం ఇవ్వదలిస్తే, ఎంతో రాసుకుని బాహాటంగా ఇవ్వడమే మేలు. చాలా ఇళ్లలో ఈ మాట ఎవరూ ఎత్తకపోవడం వల్లనే చాటుగా తీసుకోవడం మొదలవుతుంది.

ఇల్లు రాసివ్వమనే ఒత్తిడి ఉంటే, వీలునామాను బతికున్నంతకాలం మార్చుకోవచ్చుననీ, దానపత్రం రాస్తే హక్కు అప్పుడే చేయి దాటిపోతుందనీ ఆమెకు చెప్పండి. ఆమెను కొడుతున్నా, బెదిరిస్తున్నా, మందులు ఇవ్వకపోయినా మాత్రం స్టేట్‌మెంట్ వచ్చేదాకా ఆగకండి. ముందు ఆమెను సురక్షితమైన చోటికి చేర్చి, పోలీసులకు తెలియజేయండి.