రంగు రాసే ముందు ఆకును చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

క్రోటన్ మొక్కల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. 'కనువిందైన', 'మనోహరమైన' అన్న మాటలు దండిగా ఉన్నాయి గానీ, ఆ ఎరుపు ఆకులో ఎక్కడ ఉంటుందో, ఎందుకు వచ్చిందో ఎక్కడా చెప్పలేదు. ఆకు లోపల జరుగుతున్న పనికి రంగు ఆనవాలు కాబట్టి, ఆ పని తెలుసుకున్నాకే వర్ణనకు పూనుకోవాలని నా గట్టి అభిప్రాయం.

పత్రహరితం ప్రధానంగా నీలి, ఎరుపు కాంతిని పీల్చుకుని ఆహార తయారీకి అందిస్తుంది. క్రోటన్ ఎరుపుకు మూలమైన ఆంథోసయనిన్ అనే వర్ణద్రవ్యం కణంలోని రిక్తికలో, అంటే రసం నిండిన సంచిలో, కరిగి ఉండి ఆకుపచ్చ కాంతిని పీల్చుకుంటుంది గానీ, ఆ శక్తి ఆహార తయారీకి చేరదు. ఎర్రని ఆకులో పత్రహరితం ఉండదని రాశావు. అది సరికాదు, ఆ ఎరుపు చాటున పత్రహరితం తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. ఎర్రగా ఉన్నదల్లా ఆంథోసయనిన్ అని కూడా అనకు. ఎర్ర తోటకూరలోనూ, దాని కుటుంబానికే చెందిన ఆల్టర్నాంథెరా అనే అలంకరణ మొక్కలోనూ ఉండేవి బీట్‌రూట్‌కు రంగునిచ్చే బీటాలెయిన్లు. ఇక పైలియా అనే అలంకరణ మొక్క ఆకు మీది వెండి మచ్చలకు ఏ వర్ణద్రవ్యమూ కారణం కాదు. పైపొర కింద చిక్కుకున్న గాలి కాంతిని వెనక్కి చిమ్మడం వల్ల అవి అలా మెరుస్తాయి.

పసుపు అంచున్న స్నేక్ ప్లాంట్‌ను ప్రత్యేకంగా గమనించు. దాని ఆకును ముక్కలుగా కోసి నాటితే వచ్చే పిలకలకు సాధారణంగా ఆ అంచు ఉండదు. అంచులోని కణాలూ నడిమి కణాలూ జన్యుపరంగా వేర్వేరు, కొత్త పిలక లోపలి కణాల నుంచి పుడుతుంది. అందుకే నర్సరీవాళ్లు ఆ రకాన్ని దుంప విడదీసి పెంచుతారు. తెలుపు, పసుపు చారలున్న మొక్కల్లో పత్రహరితం లేని భాగానికి పచ్చని భాగమే ఆహారం పంపాలి. పూర్తిగా పచ్చని కొమ్మ వస్తే అది వేగంగా పెరిగి చారల కొమ్మలను మించిపోతుంది కనుక దాన్ని వెంటనే కత్తిరించాలి.

పసుపు అన్నిసార్లూ అందం కాదని కూడా పాఠకుడికి చెప్పాలి. ముదురు ఆకులు ముందుగా పాలిపోతే నత్రజని లోపాన్నీ, ఈనెలు పచ్చగానే ఉండి లేత ఆకులు పసుపెక్కితే ఇనుప లోపాన్నీ అనుమానించాలి.

వీలైతే కడియం నర్సరీలకు వెళ్లి, ఒకే రకం క్రోటన్‌ను షేడ్‌నెట్ కిందా ఆరుబయటా పక్కపక్కన చూడు. నీడలో వచ్చిన కొత్త ఆకుల్లో పచ్చదనం ఎంత పెరిగిందో, ఎండలో ఏ రంగులు తేరాయో రాసుకో. వ్యాసాన్ని తిరగరాసేటప్పుడు ప్రతి రంగు పక్కనా ఆ ఆకు వయసు, దానికి తగిలిన వెలుగు తప్పక చేర్చి పంపు.