ఆ ‘కాస్త’ తీసెయ్

తిరుపతి

నాయనా,

నీ వ్యాసం రెండుసార్లు చదివినాను. భాష శుభ్రంగా ఉంది. నాలుగో పేజీలో మాత్రం నాకు కోపమొచ్చింది. “ముద్దుపళని విషయంలో వీరేశలింగం గారు కాస్త తొందరపడ్డారు, అయినా రచన వేరు, రచయిత వేరు” అన్నావు. ఆ మాట ఇక్కడ చెల్లదు.

ఆయన ఆ తప్పు ఇంట్లోనో వీధిలోనో చేయలేదు. అది ఆయన రాసిన ‘ఆంధ్ర కవుల చరిత్రము’లోనే ఉంది. తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యం ‘రాధికా సాంత్వనము’ మంచిచెడ్డలు చెబుతూ, ఆమె వేశ్య అన్న సంగతిని పద్యాల నెత్తిన పెట్టినారు. రచనలోనే ఉన్న దోషాన్ని రచన నుంచి ఎట్లా విడదీస్తావు?

నార్వే నవలాకారుడు క్నూట్ హామ్సన్ సంగతి వేరు. ‘ఆకలి’ నవల 1890లో వచ్చింది. తన నోబెల్ పతకాన్ని హిట్లర్ ప్రచారమంత్రి గోబెల్స్‌కు ఇచ్చింది 1943లో. నడుమ 53 ఏళ్లు. ఆ నాజీ బుద్ధి నవలలో ఉందో లేదో పేజీ పేజీ వెతికి చెప్పొచ్చు.

అందుకే ముందు మచ్చ ఎక్కడుందో చూడు. జీవితంలో ఉంటే ఎవరు చెప్పినారు, ఎప్పుడు, చూసి చెప్పినారా విని చెప్పినారా, రాసుకో. రచనలో ఉంటే ముద్రణ సంవత్సరం, పుట సంఖ్య వేసి ఆ వాక్యం ఉన్నదున్నట్టు ఎత్తిరాయి. సొంత మాటల్లో కుదిస్తే తెలియకుండానే మెత్తబడుతుంది. నీ ‘కాస్త’ అట్లా వచ్చిందే.

“ఆ కాలం అట్లాంటిది” అనీ రాసినావు. ఆ కాలంలోనే ఎవరైనా కాదన్నారా అని వెతికినావా? గాయని బెంగళూరు నాగరత్నమ్మ గారు 1910లో ఆ కావ్యాన్ని, పాత అచ్చులో ఎగరగొట్టిన పద్యాలతో సహా, మళ్లీ అచ్చు వేయించినారు. సిగ్గు ఆడవాళ్లకేనా అని పీఠికలో పంతులుగారిని నిలదీసినారు. ఆయన బతికుండగానే. తర్వాత ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం గారు అధికారంలోకి వచ్చినాకే ఆ నిషేధం తొలగింది.

1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించిందీ ఈ పంతులుగారే. అదీ రాయి, కానీ దాంతో దీన్ని చెరపకు. జయంతి సంచికల సంపాదకులు మొదట కత్తెర వేసేది ఇట్లాంటి పేరాకే. పొగడ్తకు ఆరు పేజీలిస్తారు, పుట సంఖ్యతో పెట్టిన ఒక్క ఆక్షేపణకు స్థలం లేదంటారు. వాళ్లకోసం ముందే మెత్తగా రాయడం ఈ వయసులో మరగొద్దు.

విశ్వవిద్యాలయం లైబ్రరీలో ‘కవుల చరిత్రము’ అడుగు, నాలుగో పేజీ తిరగరాసి తీసుకురా. ఏ పత్రికకు పంపాలన్నది అప్పుడు చూద్దాం.