ఇంటి సామాను – మీ ప్రశ్నలు: మిద్దె తోటకు ఏం చూసి కొనాలి?

ప్రశ్న: అక్కా, మాది అనంతపురం, సోమనాథ్ నగర్. ఈ ఏడు మిద్దె మీద కూరగాయలు పెడదామనుకుంటున్నాం. నీళ్ల పైపు, నీడ కోసం కట్టే షేడ్ నెట్, మొక్కలు పెంచే గ్రో బ్యాగులు కావాలి. ముప్పై మీటర్ల పైపు ఒక అంగట్లో 600, ఇంకో అంగట్లో 1,400 చెప్పారు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి. పోయినేడు వేసిన షేడ్ నెట్ ఆషాఢం గాలికి పీలికలైపోయింది. ఖరీదైనదే మంచిదని కొనేయాలా, అంగట్లో నిలబడి తేడా కనిపెట్టే దారి ఏమైనా ఉందా?

జవాబు: ఉందమ్మా. మా ఇంటాయన పాతూరులో హార్డ్‌వేర్ అంగడి నడిపినన్నాళ్లూ గల్లాపెట్టె దగ్గర కూర్చున్నదాన్ని నేను. కొనడానికొచ్చిన వాళ్లలో ఎక్కువమంది అడిగేది ఒకటే: "ఎన్నేళ్లొస్తుంది?" దానికి అమ్మేవాళ్లు ఏదో ఒక లెక్క చెప్తారు, దాంతో మీకు తెలిసేదేమీ ఉండదు. "దీంట్లో ముందు పోయేది ఏది? పోతే అది ఇక్కడే దొరుకుతుందా?" అని అడగండి. తడుముకోకుండా చెప్పాడంటే ఆ మనిషికి సరుకు తెలుసు.

ముందు పైపు సంగతి. రెండు చుట్టలనూ కాటా మీద పెట్టించండి. చెప్పిన పొడవు, సైజు ఒకటే అయినప్పుడు బరువులో తేడా వస్తే, తేలికదాంట్లో గోడ పల్చనైనా అయుండొచ్చు, చెప్పిన ముప్పై మీటర్లు లేకపోయైనా ఉండొచ్చు. తర్వాత తెగిన కొసను వెలుతురుకు పెట్టి చూడండి. గోడ చుట్టూ ఒకే మందం ఉందా, ఒకవైపు లావుగా ఇంకోవైపు పల్చగా ఉందా? పల్చనైన వైపే ఉబ్బి పగులుతుంది. మంచి పైపులో రెండు పొరల మధ్య దారం అల్లి ఉంటుంది, కోసిన చోట ఆ పోగులు కనిపిస్తాయి. పైన గళ్ల డిజైను అచ్చు వేసి అల్లిక అని చెప్పి అమ్మేవి కూడా ఉన్నాయి, అందుకే కొస చూడకుండా కొనొద్దు. పైపును చేతిలో మడిచి వదలండి. మడత తెల్లగా మచ్చ పడి అట్లాగే నిలిచిపోతే, మీరు నీళ్లు పట్టేటప్పుడు ప్రతి మూలమలుపులో అక్కడే నొక్కుకుని ధార ఆగుతుంది.

పీవీసీ పైపు మెత్తగా ఉండటానికి దాంట్లో ఒక పదార్థం కలుపుతారు. ఎండలో అది కొద్దికొద్దిగా బయటికి పోతుంది, పైపు గట్టిపడుతుంది, ఆ తర్వాత వంచిన చోటల్లా పగుళ్లిస్తుంది. మన ఎండలకు ఎంత మంచి పైపుకైనా ఇది తప్పదు, నాసిరకానికి తొందరగా వస్తుంది. నీళ్లు పట్టాక చుట్టి నీడలో వేస్తే దాని ఆయుష్షు పెరుగుతుంది. లోపలికి కనిపించే పారదర్శకం పైపు మాత్రం మిద్దె మీదికి వద్దు. వెలుతురు తగిలి లోపల పాచి పడుతుంది, ఆ పాచి ఊడొచ్చి, పైపు కొసన నీళ్లు చల్లడానికి తగిలించే రోజా చిల్లులకు అడ్డం పడుతుంది. ఇక కొళాయికి బిగించే చోట ఊరికే తోసి వదలకుండా స్క్రూతో బిగించే స్టీలు క్లిప్పు వేయించుకోండి. ఏ పైపుకైనా మొదట లీకయ్యేది అక్కడే.

షేడ్ నెట్ మీద మన జిల్లాలో కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే ఊరు మనది, కానీ నైరుతి గాలికి మాత్రం లోటు లేదు. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఈ గాలిని చూసే. నెట్ మీద రాసిన 50, 75, 90 శాతం అంకెలు నీడ ఎంతో చెప్తాయి, గట్టితనం గురించి ఏమీ చెప్పవు. 90 శాతం అంటే దిట్టమైనదనుకుని తీసుకెళ్లి, వంగ, టమాటా మొక్కలు సన్నగా సాగిపోయి పూత రాలేదని బాధపడేవాళ్లు చాలామంది. కూరగాయలకు 50 చాలు.

గట్టితనం తెలియాలంటే పోగును దగ్గరగా పట్టుకుని చూడాలి. చౌక రకంలో అది చదునైన రిబ్బను, మేలు రకంలో గుండ్రటి దారం. రిబ్బను గాలిని ఎక్కువ ఆపుతుంది, కోసిన అంచు నుంచి పోగులు లేస్తూ పోతాయి. గుండ్రటి దారం నెట్ గాలిని దూరనిస్తుంది, కోసినా అంత తొందరగా ఊడదు. దారం నెట్‌కు ధర ఎక్కువే, అయినా మన గాలికి అదే కొనమంటాను. చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో, యూవీ స్టెబిలైజ్డ్ (అంటే ఎండకు తట్టుకునేలా చేసింది) అని రాసి ఉందో లేదో కూడా అడగండి. పోయినేడు మీ నెట్ చినగడానికి సరుకు ఒక్కటే కారణం అయుండకపోవచ్చు. వదులుగా కట్టిన నెట్ రాత్రంతా కొట్టుకుని కొట్టుకుని, తాడు వేసిన కన్నం దగ్గర మొదలుపెట్టి చిరుగుతుంది. కింద అడ్డంగా రెండు మూడు ఇనుప తీగలు లాగి, వాటి మీద నెట్ బిగుతుగా పరిచి, అంచు పొడవునా దగ్గర దగ్గరగా కట్టండి.

గ్రో బ్యాగుల్లో చూడాల్సింది కుట్టు. గుడ్డ బాగానే ఉంటుంది, కుట్టిన దారం ఎండకు పొడైపోయి అడుగు విడిపోతుంది. జంట కుట్టు ఉన్నవి, గ్రాముల లెక్క అచ్చులో ఉన్నవి తీసుకోండి. లోపల నలుపు ఉన్నా ఫరవాలేదు, బయట తెలుపో లేత రంగో ఉండాలి. ఎండలో నల్ల సంచి వేడెక్కి వేర్లను ఉడికిస్తుంది. ఒకేసారి ఇరవై కొనొద్దు. రెండు కొని, తడి మట్టి నింపి, చెవులు పట్టి మిద్దె ఆ చివరి నుంచి ఈ చివరికి మోయించండి. నిలిస్తే మిగతావి తెచ్చుకోండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొంటే ఇవన్నీ చేత్తో చూడలేం కదా? (గుత్తి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: చూడలేం. అందుకే బరువు, కొలతలు, గ్రాములు రాయని సరుకును ఆన్‌లైన్‌లో కొనొద్దనేది నా మాట. కొన్నవాళ్ల అభిప్రాయాల్లో ఒక ఎండాకాలం దాటాక రాసినవే చదవండి, డబ్బా తెరిచిన రోజు రాసినవి లెక్కలోకి రావు. రాసింది ఒకటి, వచ్చింది ఒకటి అయితే ఫోటోలు తీసిపెట్టుకుని 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు.

ప్రశ్న: కడప నుంచి రాస్తున్నాను. కోకోపీట్ దిమ్మె ఈసారి చౌకగా వచ్చిందని తెచ్చాను. మొలకల ఆకుల అంచులు మాడిపోతున్నాయి. దిమ్మెకు దిమ్మెకు తేడా ఉంటుందా?

జవాబు: చాలా ఉంటుంది నాయనా, ఆ తేడా ఉప్పుది. కోకోపీట్ వచ్చేది కొబ్బరి పీచు నుంచి, దాంట్లో సోడియం, పొటాషియం ఉంటాయి, ఉప్పునీళ్లలో నానబెట్టిన పీచైతే ఇంకా ఎక్కువ. కడిగి ఆరబెట్టి నొక్కిన దిమ్మెకు ఖర్చవుతుంది, కడగకుండా నొక్కింది చౌకగా వస్తుంది. పైకి రెండూ ఒకటే రంగు.

తాగునీళ్లలో కరిగిన ఉప్పులు ఎన్నో అంకెలో చూపే టీడీఎస్ పెన్ను ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. దాంతోనే పట్టుకోవచ్చు. ఒక గ్లాసు ఆర్‌ఓ నీళ్ల అంకె ముందు చూసుకోండి. దాంట్లో పిడికెడు పీట్ వేసి, గంటాగి, వడగట్టి మళ్లీ చూడండి. రెండు రకాల దిమ్మెలను ఇట్లా పక్కపక్కన కొలిస్తే ఏది కడిగిందో మీకే తెలుస్తుంది, అంకె తక్కువ పెరిగినదే కడిగింది. ఉన్నదాన్ని పారేయనక్కర్లేదు. గోనెసంచిలో వేసి, అంకె బాగా దిగేదాకా నీళ్లు మార్చి మార్చి కడగండి. కడగడానికి ఉప్పటి బోరు నీళ్లు వద్దు, కార్పొరేషన్ నీళ్లో వాన నీళ్లో వాడండి. తర్వాత ఎర్రమట్టి, ఎరువు కలిపి నింపండి.

ప్రశ్న: ఆదోనిలో ఇల్లు కట్టుకుంటున్నాం. కొళాయిలన్నీ ఇత్తడివే అంటున్నాడు అమ్మేవాడు. అయస్కాంతం అంటుకోకపోతే ఇత్తడే అని మా బావమరిది చెప్తున్నాడు. నమ్మవచ్చా?

జవాబు: అయస్కాంతం ఇనుమును పట్టిస్తుంది, అంతే. చౌక కొళాయిలు జింకు మిశ్రమంతో పోత పోస్తారు, దానికీ అయస్కాంతం అంటదు. పైపులోకి బిగించే మర లోపలికి, నికెల్ పూత సరిగా చేరని చోటికి టార్చి వేసి చూడండి. పసుపు కనిపిస్తే ఇత్తడి, బూడిద తెలుపైతే జింకు. ఒకే సైజువి రెండు చేతుల్లో పట్టుకున్నా తెలుస్తుంది, ఇత్తడి బరువెక్కువ.

మామూలు మరకొళాయి (చాలాసార్లు తిప్పి బిగించే పాత రకం) మీద ఐఎస్ఐ గుర్తు పక్కన ఐఎస్ 781 అని, దాంతోపాటు సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరును ఫోన్‌లో, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరికిచ్చిన లైసెన్సో, ఇప్పటికీ చెల్లుతుందో లేదో వస్తుంది. గుర్తును ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు కాబట్టి నంబరు చూడకుండా డబ్బు కట్టొద్దు.

ఇక బోరు నీళ్ల సంగతి. సగం తిప్పితే తెరుచుకునే కొత్త రకంలో సిరామిక్ బిళ్లలు ఉంటాయి. ఇసుక రేణువు దూరిందంటే అవి గీతలు పడి కారడం మొదలవుతుంది. అప్పుడు ఆ బిళ్లలుండే లోపలి భాగం, కార్ట్‌రిడ్జ్ అంటారు, అదే కంపెనీది దొరకాలి. పాత మరకొళాయిలో అరిగేది రబ్బరు వాషర్, ఏ అంగట్లోనైనా దొరుకుతుంది, ఇంట్లోవాళ్లే మార్చుకోవచ్చు. అందుకని పెరట్లో, బట్టలుతికే చోట, మిద్దె మీద మరకొళాయిలే పెట్టించండి. స్నానాల గదిలో కొత్త రకం కావాలంటే, ఆ కంపెనీ కార్ట్‌రిడ్జ్ ఆదోనిలో ఉన్న అంగడి ఏదో ముందు కనుక్కుని, కొళాయిలు కొనే రోజే రెండు కార్ట్‌రిడ్జ్‌లు కూడా బిల్లులో వేయించుకోండి.