ఇల్లు కొనేముందు ఒక్కసారి చూసుకోవలసింది

చిట్టితల్లీ,

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేదు. "ఇల్లు నచ్చింది పెద్దమ్మా, స్కూలూ బాగుంది, కానీ ఆ చుట్టుపక్కల లైంగిక నేరాలు చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో ఎలా చూస్తారు?" అన్నావు. పక్కన మీ పెదనాన్న స్నేహితులు కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు ఆ మాట ఎత్తలేక "తర్వాత చెప్తాలే" అనేశాను. మనవాళ్ళం ఈ సంగతి ఎప్పుడూ ఇలాగే దాటేస్తాం. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఏజెంటు చెప్తాడని చూడకు. ఇక్కడ అమెరికాలో, మన న్యూజెర్సీలో, ఇల్లు కొనే కాంట్రాక్టులో మేగన్స్ లా గురించి, అంటే లైంగిక నేరస్తుల సంగతి చుట్టుపక్కలవాళ్ళకి తెలియజేసే చట్టం గురించి, ఒక పేరా ఉంటుంది, సంతకాల హడావిడిలో ఎవరూ చదవరు. ఏజెంటుకి ఆ వివరాలు రావు, మీకు తెచ్చి ఇవ్వలేడు, క్లోజింగ్ అయ్యాక, అంటే డబ్బు కట్టి ఇల్లు మన పేరున అయ్యాక, కౌంటీ ప్రాసిక్యూటర్‌ని, అంటే ఆ జిల్లా ప్రభుత్వ లాయరుని, అడగవచ్చు అని అందులో ఉంటుంది. డబ్బు కట్టేశాక తెలిసి ఏం చేస్తాం? ఆఫరు పెట్టకముందే నువ్వే చూసుకో.

ఆ చట్టం పుట్టింది ఇక్కడే. 1994లో మన హామిల్టన్ టౌన్‌షిప్‌లో మేగన్ కాంకా అనే ఏడేళ్ళ పాపని ఎదురింటివాడు చంపేశాడు. అంతకుముందే పిల్లల మీద నేరాలు చేసి శిక్షపడినవాడు. ఆ సంగతి ఆ తల్లిదండ్రులకి తెలియదు. ఆ ఏడాదే న్యూజెర్సీ చట్టం తెచ్చింది, 1996లో దేశమంతటికీ వచ్చింది.

న్యూజెర్సీ స్టేట్ పోలీసుల సైటులో అలా శిక్షపడినవాళ్ళ జాబితా ఉచితంగా చూడవచ్చు. ఫొటో, వయసు, అడ్రసు, ఏ నేరానికి శిక్షపడిందో ఉంటాయి. కేంద్ర న్యాయశాఖవాళ్ళ సైటు ఇంకొకటి ఉంది, ఎన్‌ఎస్‌ఓపీడబ్ల్యూ డాట్ గవ్. పేరు కొడితే అన్ని రాష్ట్రాల్లోనూ ఒకేసారి వెతుకుతుంది. అడ్రసు కొడితే చుట్టూ మూడు మైళ్ళ దాకా చూపిస్తుంది. ఆ వివరాలు రాష్ట్రాల నుంచి వచ్చేవే కాబట్టి, ఏది కనిపించినా ఆ రాష్ట్రం పేజీ తెరిచి పూర్తిగా చదువు. డబ్బులడిగే సైట్ల జోలికి పోవద్దు. ఇంటి అడ్రసు ఒక్కటే కాదు, డేకేర్‌దీ, డాన్స్ క్లాసుదీ కూడా కొట్టి చూడు.

ఇప్పుడు అసలు మాట. మ్యాప్‌లో ఎవరూ కనబడలేదంటే ఎవరూ లేరని కాదు. ఇక్కడ మళ్ళీ నేరం చేసే ప్రమాదాన్ని బట్టి వాళ్ళని మూడు టియర్లుగా, అంటే మూడు మెట్లుగా, పెడతారు; మొదటిది తక్కువ, మూడోది ఎక్కువ. మొదటి టియరువాళ్ళ సంగతి పోలీసులకే తెలుస్తుంది, నెట్‌లో పెట్టరు. రెండో టియరైతే స్కూళ్ళకీ, నమోదైన సంస్థలకీ చెప్తారు, కొందరి పేర్లే నెట్‌లో ఉంటాయి. మూడో టియరైతే పోలీసులు ఇరుగుపొరుగు ఇళ్ళకి తెలియజేస్తారు. రాష్ట్రం మారితే లెక్క మారుతుంది. న్యూయార్క్‌లో లెవెల్ వన్ వాళ్ళు, అంటే తక్కువ ప్రమాదం అనుకున్నవాళ్ళు, సైటులో కనిపించరు. మన ఇండియాలో 2018లో ఇలాంటి జాబితా మొదలుపెట్టారు గానీ అది పోలీసులే చూడగలరు. అక్కడ చూడలేదు కాబట్టే మనకిది కొత్త.

పేరు కలిసిందని మనిషిని ముద్రవేయకు. కొన్నేళ్ళ కిందట మా వాట్సాప్ గ్రూపులో ఒక పేరూ ఊరూ తిరిగాయి. ఫొటో ఎవరూ తెరిచి చూడలేదు. అదే పేరున్న ఇంకో మనిషి, పాపం, ఏ పాపమూ ఎరగనివాడు, పిల్లల్ని పార్కుకి తీసుకురావడం మానేశాడు. ఆ మెసేజ్ ముందుకి పంపినవాళ్ళలో నేనూ ఉన్నాను. తర్వాత వాళ్ళింటికి వెళ్ళి క్షమించమని అడిగాను. అందుకే చెప్తున్నాను: ఫొటో, పుట్టిన సంవత్సరం, అడ్రసు మూడూ చూడు. నిజంగానే ఆ మనిషైనా, జాబితా మన జాగ్రత్త కోసమే. వాళ్ళ ఇంటికెళ్ళి బెదిరిస్తే నేరం మనదవుతుంది.

ఇంకొకటి. శిక్షపడినవాళ్ళే అందులో ఉంటారు. పిల్లలకి హాని చేసేవాళ్ళలో ఎక్కువమంది ఇంటివాళ్ళో తెలిసినవాళ్ళో, చాలామంది ఫిర్యాదు లేక ఏ జాబితాకీ ఎక్కనివాళ్ళే. కాబట్టి పాపకి ఒంటి భాగాల పేర్లు సిగ్గుపడకుండా నేర్పు. వద్దన్న తర్వాత ఎవరూ ముట్టుకోకూడదని చెప్పు, తాతయ్య వరసవాళ్ళైనా, గుడిలో పెద్దవాళ్ళైనా సరే. ముద్దు పెట్టమని ఎవరి ఒళ్ళోకీ బలవంతంగా తోయకు. మనం "ఫరవాలేదులే, మనవాళ్ళే కదా" అంటాం చూడు, ఆ మాట పాప ముందు అనకు. అల్లుడికి కూడా ఈ ఉత్తరం చదివి వినిపించు.

అడ్రసు ఖాయం కాగానే పంపు. ఇద్దరం ఫోన్లో ఉండి చూద్దాం. ఈసారి పక్కన ఎవరున్నా మాట్లాడతాను.

మీ పెద్దమ్మ
ఎడిసన్