మంచు చూసొచ్చిన అమ్మాయికి

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ యాత్రాకథనం రెండుసార్లు చదివాను. అమెరికాలోని మోంటానా కొండల్లో అక్కాబావలతో నాలుగు రాత్రులు ఆర్‌వీలో, అంటే ఇల్లులాంటి బండిలో ఉండి, ఒక పగలంతా మంచు మీద నడిచే స్నోమొబైల్ బండి నడిపి వచ్చావు. మన ఊళ్లో ఎంతమందికి దక్కుతుంది ఆ అనుభవం? అందుకే గట్టిగా చెబుతున్నాను, మొదటి రెండు పేజీలూ తీసెయ్యి. వెండికొండలు, పాలనురుగు, భూలోక స్వర్గం ఇల్లు కదలకుండానే రాయవచ్చు.

మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "సాయంత్రానికి కుడి బొటనవేలు వంగలేదు." అమ్మా, నీ కథనం అక్కడుంది! బీచ్ రోడ్డులో స్కూటర్ పిడి తిప్పడం అలవాటైన చెయ్యి నీది. అక్కడ వేగం కావాలంటే బొటనవేలితో మీట నొక్కి పట్టుకోవాలి. మొదటి గంటలో ఎన్నిసార్లు ఉత్తి పిడి తిప్పావు? మలుపులో బండి ముందున్న స్కీ పట్టీలు జారితే ఒళ్లు ఎటు వాల్చావు? ఇంజను ఆపిన క్షణం కూడా రాయి. కొత్తగా పడ్డ మంచు చప్పుడును పీల్చేసుకుంటుంది. అలల హోరులో పెరిగిన నీ చెవులకు ఆ నిశ్శబ్దం ఎలా తోచింది?

రాత్రి ఆర్‌వీకి నీళ్లొచ్చే గొట్టం గడ్డకట్టిందని, మీ బావగారు దాన్ని కరిగించడానికి తంటాలు పడ్డారని ఫోనులో చెప్పావు. కథనంలో ఆ ఊసే లేదు. ఎందుకు దాచావు?

చలిని అంకెతో సరిపెట్టకు. మన పాఠకులు ఎరిగిన చలి లంబసింగిది. దాన్ని కొర్రబయలు అని కూడా అంటారు, ఆరుబయట ఉన్న మనిషి కొర్రులా బిగుసుకుపోతాడని. అక్కడ నెగడు ముందు అరచేతులు చాచినవాణ్ణి వెంటబెట్టుకుని మోంటానా తీసుకెళ్లు.

ఇంకొక్కటి. 1934 చలికాలంలో కెనడాలోని క్విబెక్‌లో జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే పసికొడుకు జబ్బుపడ్డాడు. దారులన్నీ మంచుతో మూసుకుపోయి, ఆసుపత్రికి చేర్చలేక ఆ బిడ్డ పోయాడు. మంచు మీద నడిచే బండి కోసం ఆ తండ్రి పడిన శ్రమలోంచే 1959లో స్కీ-డూ అనే స్నోమొబైల్ వచ్చింది. రోగులను డోలీలో మోసుకొచ్చే ఏజెన్సీ ఊళ్లు మనకు ఎంత దూరం? ఇది చదివినవాళ్లకు నువ్వెక్కిన బండి ఆటవస్తువుగా కనిపించదు.

సంక్రాంతిలోగా తిరగరాసి పంపు. బొటనవేలితో మొదలుపెట్టు.