తెర మీదే ఊళ్లూ గుళ్లూ చూపించే వర్చువల్ ఫీల్డ్ ట్రిప్‌తో క్లాసులో నిజంగా పాఠం అర్థమవుతుందా?

అర్థమవుతుంది. కాకపోతే వీడియో పెట్టి ఊరికే కూర్చోబెడితే కాదు, పిల్లలకు ముందే ఒక ప్రశ్న ఇవ్వాలి.

మా నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో పొద్దంతా ఒక స్తంభం నీడ కదలకుండా కనిపిస్తుంది. సూర్యుడు కదులుతుంటే నీడెందుకు కదలదు? కాంతి పాఠం రోజున నేను ఇదే బోర్డు మీద రాసి, ఆ తర్వాతే గుడి వీడియో పెడతాను. మధ్యమధ్యలో ఆపి, వెలుగు ఎటునుంచి వస్తోందని అడుగుతాను. తర్వాత కిటికీలు మూసి, బల్ల మీద చాక్‌పీసు నిలబెట్టి, దాని వెనక తెల్లకాగితం పెట్టి, టార్చిని నేరుగా కాకుండా ఎదుటనున్న తెల్ల అట్ట మీద వేయమంటాను. టార్చి జరిపినా నీడ దాదాపు అక్కడే ఉంటుంది! చెదిరి వచ్చే వెలుతురుకూ నీడ పడుతుందని, గుడిలోనూ ఇదే జరుగుతోందని వాళ్లే పట్టేస్తారు.

వీడియో ముందురోజే డౌన్‌లోడ్ చేసుకోండి, నెట్‌ను నమ్ముకోవద్దు. ఇరవై నిమిషాలు దాటనివ్వకండి.

నాగార్జునసాగర్ 26 గేట్లను గూగుల్ ఎర్త్‌లో లెక్కపెట్టించవచ్చు. కానీ గేట్లెత్తినప్పుడు మొహాన పడే తుంపర తెర మీద రాదు. వీలైతే బస్సే మాట్లాడండి. అంటార్కిటికాకు, చంద్రుడి మీదికి మాత్రం తెరే దారి.