అప్పు చేసి కంప్యూటర్ సైన్స్ చదివించాలా?

ప్రశ్న: మా అమ్మాయికి రెండు కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది. పేరున్న కాలేజీలో ఫీజు రెండోదానికి రెండున్నర రెట్లు. అప్పు చేస్తే తప్ప కట్టలేం. ఏఐ వచ్చాక కోడింగ్ ఉద్యోగాలే ఉండవని, డిగ్రీ లేకుండా సొంతంగా నేర్చుకున్నా చాలని బంధువులు అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. అంత డబ్బు పెట్టమంటారా? – ఒక తండ్రి

జవాబు: ముందు అప్పు సంగతి చూద్దామండీ. లెక్క సులువుగా ఉండటానికి, నాలుగేళ్ల చదువుకి ఏడాదికి 25 రూపాయల చొప్పున మొత్తం 100 రూపాయలు అప్పు తీసుకున్నారనుకోండి. వడ్డీ 10 శాతం. చదువు అయ్యేదాకా ఏమీ కట్టకపోతే, మామూలు వడ్డీ లెక్కన చూసినా నాలుగేళ్లయ్యేసరికి ఆ 100 కాస్తా 125 అవుతుంది. దాన్ని పదేళ్ల ఈఎంఐల్లో తీరిస్తే చేతి నుంచి పోయేది సుమారు 198. అంటే దాదాపు రెట్టింపు. చదువుతున్నప్పుడే ఏ ఏడు వడ్డీ ఆ ఏడు కట్టేస్తే మొత్తం 184 దగ్గర ఆగుతుంది. కాలేజీ చెప్పే ఫీజు మీద కాదు, ఈ అంకె మీద నిర్ణయం తీసుకోవాలి.

ఇక అవతలి పక్క జీతం. కాలేజీ బ్రోచర్‌లో పెద్ద అక్షరాలతో వేసే 'హైయెస్ట్ ప్యాకేజీ' ఒక్కరిది. దాంతో మీకు పని లేదు. సగటు జీతమూ అంతే, ఇద్దరు ముగ్గురికి భారీగా వస్తే పైకి లేచిపోతుంది. బ్యాచ్ మొత్తాన్ని జీతాల వరసలో నిలబెడితే సరిగ్గా నడిమిన నిలబడే విద్యార్థికి ఎంత వచ్చిందో అడగండి. ఉద్యోగం రానివాళ్లను కూడా ఆ వరసలో నిలబెట్టారా అని తప్పకుండా అడగండి. జవాబు సూటిగా రాకపోతే, అదీ ఒక జవాబే. ఆ నడిమి జీతంలో చేతికొచ్చేదాంట్లో ఈఎంఐ అయిదో వంతు దాటితే నేనైతే వద్దంటాను. ఇది నా కొలత మాత్రమే, రూలేమీ కాదు. కానీ ఉద్యోగం ఆర్నెల్లు ఆలస్యమైనా ఇల్లు గడవాలి కదా.

ఆ ఆలస్యం అన్నది ఊరికే అనలేదు. 2021లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు పోటీపడి మనుషుల్ని తీసుకున్నాయి. 2022 చివరికొచ్చేసరికి పెద్ద పెద్ద కంపెనీలే వేలమందిని తీసేశాయి. 2019లో చేరి 2023లో బయటికొచ్చిన పిల్లలకు ఈ సంగతి ముందే ఎవరు చెప్పగలరు? అందుకే ఇవాళ్టి మార్కెట్ చూసి చేరకూడదు, మానకూడదు కూడా.

ఏఐ గురించి. చిన్న చిన్న ప్రోగ్రాములు రాయడం మెషీన్‌కి వచ్చేసింది, నిజమే. కొత్తగా చేరినవాళ్లకు మొదట ఇచ్చే పనులూ అలాంటివే కాబట్టి దెబ్బ ముందు తగిలేది వాళ్లకే. అయితే ఒక ఉదాహరణ చెప్తాను. పది లక్షల పేర్ల జాబితాలో ఒకే పేరు రెండుసార్లు పడిందేమో వెతకాలి. ప్రతి పేరునీ మిగతా అన్నిటితో పోలిస్తే దాదాపు 50 వేల కోట్ల పోలికలు. ముందు అక్షరక్రమంలో పేర్చి, ఆ తర్వాత పక్కపక్క పేర్లను చూసుకుంటూ పోతే రెండు కోట్ల చిల్లరతో అయిపోతుంది. పది పేర్లతో పరీక్షిస్తే రెండూ ఒకేలా పనిచేస్తాయి. ఏఐ రాసిచ్చింది ఈ రెండింటిలో ఏదో చూసి చెప్పగలవాళ్లకు పని ఉంటుంది. సింటాక్స్, అంటే ప్రోగ్రామింగ్ భాష రాసే పద్ధతి మాత్రమే బట్టీ పట్టినవాళ్లకు కష్టం. డిగ్రీలో కొనుక్కోవాల్సింది ఈ చూపునే. మూల సూత్రాలు తొందరగా పాతబడవు, పనిముట్లు పాతబడతాయి. సమాచారాన్ని పట్టికల్లో పేర్చి దాచే 'రిలేషనల్ మోడల్'ని కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించాడు, ఇవాళ్టికీ చాలా డేటాబేస్‌లు దాని మీదే నడుస్తున్నాయి. వెబ్‌సైట్లలో యానిమేషన్లు, ఆటలు చేయడానికి ఒకప్పుడు అందరూ ఎగబడి నేర్చుకున్న ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌ని మాత్రం అడోబీ 2020 చివర్లో ఆపేసింది.

మరి ఇదంతా ఇంట్లో కూర్చుని నేర్చుకోలేమా అంటే, పాఠాలకు కొదవలేదు. హార్వర్డ్ వాళ్ల కంప్యూటర్ సైన్స్ తొలి కోర్సు సీఎస్50, ఎంఐటీ పాఠాలుండే వెబ్‌సైట్ ఓపెన్‌కోర్స్‌వేర్ ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతాయి. కానీ సొంతంగా నేర్చుకుని గెలిచినవాళ్లే వీడియోలు పెడతారు, మధ్యలో వదిలేసినవాళ్లు పెట్టరు. పైగా చాలా కంపెనీల్లో డిగ్రీ లేని దరఖాస్తు మొదటి వడపోతలోనే పోతుంది. పై చదువులకీ, చాలా దేశాల వర్క్ వీసాలకీ డిగ్రీ అడుగుతారు. కాబట్టి డిగ్రీ ఉండాలనే నా మాట.

ఖరీదైన డిగ్రీ మాత్రం వేరే సంగతి. పాఠాలు ఉచితంగా దొరుకుతున్నప్పుడు ఆ రెండున్నర రెట్లు కట్టేది తోటి విద్యార్థుల కోసం, ఆ పేరు కోసం, అక్కడికి వచ్చే కంపెనీల కోసం. రెండు కాలేజీల నడిమి జీతాల మధ్య తేడా, అదనపు అప్పుని నాలుగైదేళ్లలో తీర్చేంత ఉంటే ఆలోచించండి. లేకపోతే చవక కాలేజీలో చేర్పించి, మిగిలిన డబ్బులో కొంత మంచి ల్యాప్‌టాప్‌కి, కొంత ఉద్యోగం దొరికేదాకా ఖర్చులకి దాచండి.

ఇంకొక్కటి. ఫీజు గడువుకి ఇంకా టైముంటే సీఎస్50లో మొదటి మూడు నాలుగు వారాల పాఠాలు అమ్మాయిని చేయమనండి, అసైన్‌మెంట్లతో సహా. ప్రోగ్రాము పనిచేయక రెండు గంటలు తల పట్టుకున్నాక, మర్నాడు మళ్లీ తనంతట తానే తెరిచిందా లేదా గమనించండి. మీరు మాత్రం పక్కన కూర్చుని "అయ్యిందా, అయ్యిందా" అని అడక్కండి.